వేడికి బ్యాటరీ ఎందుకు ముందే ముసలిదవుతుంది?

ఎండలు ముదిరేసరికి బ్యాటరీల మీద ఉత్తరాలు ఎక్కువయ్యాయి. ఫోన్లు, ల్యాప్‌టాప్‌లు, ఎలక్ట్రిక్ స్కూటర్లు, పవర్ బ్యాంకులు... వస్తువులు వేరైనా లోపల ఉన్నది ఒకటే, లిథియం అయాన్ సెల్. ఇలాంటి సెల్స్‌ని వేడి ఛాంబర్లలో పెట్టి, అవి ఎలా పాడవుతాయో చూడటమే నా ఉద్యోగం. అందుకని ఈ సంచికలో వేరే విషయాల జోలికి పోకుండా వేడికి సంబంధించిన ఉత్తరాలకే జవాబులిస్తున్నాను. పేర్లు వేయవద్దని కొందరు కోరారు కాబట్టి ఎవరి పేరూ వేయడం లేదు.

ప్రశ్న: మేడమ్, రెండేళ్ల క్రితం ఒకేరకం ఫోన్లు రెండు కొన్నాం. ఒకటి రోజూ వాడుతున్నాను. రెండోది అవసరానికి ఉంటుందని ఫుల్ ఛార్జ్ చేసి బీరువా పైన పెట్టాను. ఛార్జ్ దిగిపోకూడదని గుర్తొచ్చినప్పుడల్లా మళ్లీ నూరు శాతం చేసేదాన్ని. ఆ గది బాగా వేడెక్కుతుంది. ఇప్పుడు తీసి వాడితే, నేను రోజూ వాడే ఫోన్ కంటే దీనికే ముందు ఛార్జ్ దిగిపోతోంది. అసలు వాడని బ్యాటరీ ఎలా పాడవుతుంది? పాత సరుకు అంటగట్టారా? (ఒక గృహిణి)

జవాబు: పాత సరుకు కాకపోవచ్చండీ. మీరు జాగ్రత్త అనుకుని చేసిన పనులు రెండూ కలిసి ఆ బ్యాటరీని తినేశాయి. ఒకటి, ఎప్పుడూ నిండుగా ఉంచడం. రెండు, వేడి గదిలో ఉంచడం.

బ్యాటరీకి ముసలితనం రెండు దారుల్లో వస్తుంది. వాడటం వల్ల వచ్చేది ఒకటి. ఊరికే పడి ఉన్నా కాలంతోపాటు వచ్చేది ఇంకొకటి. దీన్ని క్యాలెండర్ ఏజింగ్ అంటాం. చాలామందికి మొదటిదే తెలుసు. అందుకే ఎన్నిసార్లు ఛార్జ్ చేశామో లెక్క పెట్టుకుంటారు. సెల్ ఎన్ని గంటలు వేడిగా గడిపిందన్న లెక్క మాత్రం ఎవరూ వేయరు. నా అనుభవంలో ఎక్కువ నష్టం అక్కడే జరుగుతుంది.

లోపల ఏం జరుగుతుందో కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే మిగతా జవాబులన్నీ దీని మీదే ఆధారపడ్డాయి. సెల్‌లో ఒకవైపు రాగి రేకు మీద పూసిన గ్రాఫైట్ ఉంటుంది. ఇంకోవైపు అల్యూమినియం రేకు మీద పూసిన లోహపు ఆక్సైడో ఫాస్ఫేటో ఉంటుంది. రెండూ ఒకదాన్నొకటి తాకకుండా మధ్యలో సన్నటి ప్లాస్టిక్ పొర. వీటన్నిటినీ తడుపుతూ ఎలక్ట్రోలైట్ అనే ద్రవం. ఛార్జ్ చేసేటప్పుడు లిథియం అయాన్లు గ్రాఫైట్‌లోకి వెళ్లి సర్దుకుంటాయి. వాడేటప్పుడు వెనక్కి వస్తాయి.

చిక్కు ఎక్కడంటే, లిథియం నిండిన గ్రాఫైట్‌ని ఆ ద్రవం తట్టుకోలేదు. తాకినచోటల్లా విరిగిపోతుంది. ఆ ముక్కలు కొంత లిథియాన్ని కలుపుకుని గ్రాఫైట్ మీద పొరగా పేరుకుంటాయి. ఫ్యాక్టరీలో మొదటిసారి ఛార్జ్ చేసినప్పుడే ఈ పొర పుడుతుంది. మందం నానోమీటర్లలో ఉంటుంది. దెబ్బ మీద పక్కు కట్టినట్టు ఇది కింద ఉన్నదాన్ని కాపాడుతుంది. ఇది లేకపోతే లిథియం అయాన్ బ్యాటరీయే లేదు. కానీ పూర్తిగా అడ్డుకట్ట వేయలేదు. చర్య మెల్లగా సాగుతూనే ఉంటుంది, పొర మందమవుతూనే ఉంటుంది, కొత్తగా పేరుకున్న ప్రతి పొరలోనూ కొంత లిథియం ఇరుక్కుపోతుంది. ఇరుక్కున్నది ఇక అటూ ఇటూ తిరగదు. మీ ఫోన్ పోగొట్టుకున్న కెపాసిటీలో పెద్ద భాగం అదే.

ఇప్పుడు వేడి సంగతి. రసాయన చర్యల వేగం ఉష్ణోగ్రతతో ఎలా పెరుగుతుందో స్వీడన్ శాస్త్రవేత్త స్వాంటె అర్హీనియస్ 1889లో ఒక సూత్రంగా చెప్పాడు. దాన్నుంచి వచ్చిన మోటు లెక్క ఏమిటంటే, 10 డిగ్రీలు పెరిగితే వేగం సుమారు రెట్టింపు. అంటే 25 డిగ్రీల దగ్గర జరిగేది 35లో రెండింతలు, 45లో నాలుగింతలు జరుగుతుంది. సెల్ రకాన్ని బట్టి ఈ అంకె అటూ ఇటూ అవుతుంది గానీ, దిశ మాత్రం మారదు. దీనికి ఫుల్ ఛార్జ్ తోడైతే రెండువైపులా ఒత్తిడే. గ్రాఫైట్ నిండా లిథియం ఉంటుంది కాబట్టి అక్కడ ద్రవం ఎక్కువగా విరుగుతుంది. అటు కేథోడ్ దగ్గర, అంటే అల్యూమినియం రేకు ఉన్న వైపు, వోల్టేజ్ 4.2కి అటూ ఇటూగా ఉండి ద్రవాన్ని ఆక్సీకరణం చేస్తుంది.

ఈ రంగంలో అందరూ చూపించే అంకెలు కొన్ని ఉన్నాయి. 40 శాతం ఛార్జ్‌తో ఏడాదిపాటు 25 డిగ్రీల్లో ఉంచితే దాదాపు 96 శాతం కెపాసిటీ మిగులుతుంది. అదే 40 డిగ్రీల్లో అయితే 85. ఇక నూరు శాతం ఛార్జ్‌తో ఏడాది ఉంచితే 25 డిగ్రీల్లోనే 80కి దిగుతుంది, 40 డిగ్రీల్లో 65కి. మీ సెల్‌కి సరిగ్గా ఇవే వర్తిస్తాయని చెప్పను. కొత్త రకాలు మెరుగ్గానే ఉంటున్నాయి. కానీ 96కీ 65కీ మధ్య ఉన్న దూరం చూడండి. ఒక్కసారి కూడా వాడకుండానే అంత పోయింది. మీ బీరువా మీది ఫోన్ కథ అదే.

ఇంకో సంగతి కూడా తెలుసుకోండి. పొర మందమయ్యేకొద్దీ ద్రవం లోపలికి చేరడం కష్టమవుతుంది, కాబట్టి పెరుగుదల నెమ్మదిస్తుంది. మొదటి నెలల్లో పోయినంత వేగంగా తర్వాత పోదు. ఇకనుంచి ఆ ఫోన్‌ని 40, 50 శాతం మధ్య ఉంచి, పూర్తిగా ఆఫ్ చేసి, ఇంట్లో అన్నిటికంటే చల్లగా ఉండే చోట పెట్టండి. మూణ్నాలుగు నెలలకోసారి చూసి, తగ్గితే మళ్లీ సగానికి తెచ్చి పెట్టండి. సున్నాకి దిగనివ్వకండి. వోల్టేజ్ మరీ పడిపోతే రాగి రేకు కరగడం మొదలవుతుంది. ఆ తర్వాత దాన్ని ఛార్జ్ చేయడం ప్రమాదం.

ప్రశ్న: చలిగా ఉన్న పొద్దుటిపూట నా ఫోన్ 20 శాతం దగ్గరే ఆఫ్ అయిపోతోంది. వేడిగా ఉన్నప్పుడు మాత్రం చివరి శాతం దాకా వస్తోంది. మరి వేడి బ్యాటరీకి మంచిదే కదా మేడమ్? అందరూ ఎందుకు భయపెడతారు? (ఒక కాలేజీ విద్యార్థి)

జవాబు: నువ్వు గమనించింది నిజమే, తప్పేమీ లేదు. వేడెక్కితే ద్రవంలో అయాన్లు చురుగ్గా కదులుతాయి, సెల్ లోపలి రెసిస్టెన్స్ తగ్గుతుంది. అందుకని ఫోన్ ఒక్కసారిగా ఎక్కువ కరెంటు లాగినా వోల్టేజ్ పడిపోదు. చలిలో దీనికి వ్యతిరేకంగా జరుగుతుంది. ఛార్జ్ లోపల ఉన్నా బయటికి రాలేక ఫోన్ ఆఫ్ అవుతుంది. మళ్లీ వెచ్చబడితే ఆ శాతం తిరిగి కనిపిస్తుంది.

మా ల్యాబ్‌లో ఈ తేడా రోజూ కళ్లముందే ఉంటుంది. 60 డిగ్రీల ఛాంబర్‌లో ఉన్న సెల్‌ని ఆ వేడిలోనే పరీక్షిస్తే అంకెలు బ్రహ్మాండంగా వస్తాయి. రెసిస్టెన్స్ తక్కువ, కెపాసిటీ బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది. దాన్నే బయటికి తీసి, కొన్ని గంటలు 25 డిగ్రీల దగ్గర చల్లారనిచ్చి అప్పుడు కొలిస్తే అసలు రంగు బయటపడుతుంది. అందుకే ఏ వేడిలో పెట్టిన సెల్‌నైనా, నిర్ణీత కాలానికోసారి 25కి తెచ్చాకే కొలుస్తాం. వేడిలో బలంగా కనిపించిన సెల్ అప్పటికే లోపల ఎంతో పోగొట్టుకుని ఉంటుంది. అంటే ఆ పూటకి లాభం వచ్చినట్టు కనిపిస్తూనే వేడి అసలుకే ఎసరు పెడుతుంది.

నీ ఉత్తరం చివర్లో ఛార్జింగ్ పెట్టి గేమ్ ఆడొచ్చా అని అడిగావు. అప్పుడు ప్రాసెసర్ వేడి, ఛార్జింగ్ వేడి రెండూ ఒకేసారి సెల్ మీద పడతాయి. పైగా ఛార్జ్ నూరు శాతం దగ్గర నిలబడి ఉంటుంది. గంటల తరబడి రోజూ ఆడితే కచ్చితంగా తేడా తెలుస్తుంది. ఎప్పుడో ఒకసారి అయితే టెన్షన్ అక్కర్లేదు. ఆడేటప్పుడు కేస్ తీసేయి, దిండు మీద, దుప్పటి మీద పెట్టకు. వైర్‌లెస్ ఛార్జర్ కంటే వైరు నయం, ఎందుకంటే వైర్‌లెస్‌లో ఎక్కువ శక్తి వేడిగా మారి ఫోన్ వెనకే చేరుతుంది. ఐఫోన్ వాడటానికి ఆపిల్ చెప్పే పరిసర ఉష్ణోగ్రత 0 నుంచి 35 డిగ్రీలు. ఆ 35 దాటిన వేడిలో వాడితే కెపాసిటీ శాశ్వతంగా తగ్గొచ్చని కంపెనీయే చెబుతోంది.

ప్రశ్న: మేడమ్, నేను ఎలక్ట్రిక్ స్కూటర్ మీద పార్సిళ్లు డెలివరీ చేస్తాను. మధ్యాహ్నం ఎండలో తిరిగి వచ్చి వెంటనే ఛార్జింగ్ పెడతాను, మళ్లీ వెళ్లాలి కదా. తోటివాళ్లు చల్లారాక పెట్టమంటారు. అమ్మినవాళ్లు మాత్రం 'ఇది ఎల్‌ఎఫ్‌పీ బ్యాటరీ, వేడికి ఏమీ కాదు' అన్నారు. ఎవరి మాట వినాలి? రేంజ్ ఇప్పటికే తగ్గింది. ఈ బండి మీదే నా ఇల్లు గడుస్తోంది. (ఒక డెలివరీ బాయ్)

జవాబు: తోటివాళ్ల మాట వినండి తమ్ముడూ. అమ్మినవాళ్లు చెప్పినదాంట్లో సగం నిజం ఉంది. ఆ సగం వల్లే మనుషులు నష్టపోతున్నారు కాబట్టి దీన్ని విడమరిచి చెప్పాలి.

ఎల్‌ఎఫ్‌పీ అంటే లిథియం ఐరన్ ఫాస్ఫేట్. దీన్ని కేథోడ్‌గా వాడొచ్చని జాన్ గుడినఫ్ బృందం 1997లో ప్రచురించింది. తర్వాత 2019లో లిథియం అయాన్ బ్యాటరీలకి కెమిస్ట్రీ నోబెల్ వచ్చినప్పుడు స్టాన్లీ విటింగ్‌హామ్, అకిరా యోషినోలతో పాటు అందుకున్నది ఈ గుడినఫే. ఈ పదార్థంలో ఆక్సిజన్‌ని ఫాస్ఫరస్ గట్టిగా పట్టుకుని ఉంచుతుంది. సెల్ విపరీతంగా వేడెక్కినా ఆక్సిజన్ తేలిగ్గా వదలదు. నికెల్, కోబాల్ట్ ఉన్న రకాలతో పోలిస్తే మంటలు చెలరేగే అవకాశం చాలా తక్కువ. 'వేడికి ఏమీ కాదు' అనే మాట ఇక్కడినుంచి వచ్చింది. అది భద్రత గురించిన మాట.

ముసలితనం వేరే చోట జరుగుతుంది. ఎల్‌ఎఫ్‌పీ సెల్‌లో కూడా రెండోవైపు ఉన్నది గ్రాఫైటే. పైన గృహిణి గారికి చెప్పిన పొర అక్కడా పెరుగుతుంది, వేడికి అక్కడా వేగంగానే పెరుగుతుంది. ఎల్‌ఎఫ్‌పీ వోల్టేజ్ తక్కువ కాబట్టి కేథోడ్ వైపు బాధ తగ్గుతుంది, మామూలుగా ఎక్కువ సైకిల్స్ (ఛార్జ్ ఎక్కించి దించే విడతలు) వస్తాయి కూడా. ఆ మాట ఒప్పుకోవాల్సిందే. కానీ వేడికి ఏమీ కాని లిథియం అయాన్ సెల్‌ని నేను ఇంతవరకు చూడలేదు.

పెద్ద కంపెనీలకే ఇది అనుభవమైంది. నిస్సాన్ లీఫ్ కారు 2010 చివర్లో వచ్చింది. అందులో బ్యాటరీని చల్లబరిచే ద్రవపు ఏర్పాటు లేదు. 2012లో అమెరికాలోని అరిజోనా రాష్ట్రంలో, ముఖ్యంగా ఫీనిక్స్ చుట్టుపక్కల ఉన్న యజమానులు డ్యాష్‌బోర్డు మీద కెపాసిటీ గీతలు ఒక్కొక్కటిగా మాయమవుతున్నాయని ఫిర్యాదు చేశారు. అది ఎడారి ఊరు. చివరికి కంపెనీ కెపాసిటీకి విడిగా వారంటీ ఇచ్చింది, 2015 మోడల్‌కి వేడిని బాగా తట్టుకునే సెల్స్ వేసింది. బ్యాటరీ చుట్టూ ద్రవం తిప్పి చల్లబరిచే కార్లకి ఆ కాలంలో అంత బెడద రాలేదు. స్కూటర్లలో చాలావాటికి అలాంటి ఏర్పాటు ఉండదు, గాలే దిక్కు. ఆ పని మీరే చేసుకోవాలి.

ఇక మీ మధ్యాహ్నం సంగతి. తిరిగి వచ్చేసరికి ప్యాక్ లోపల వేడి బయటి కంటే ఎక్కువ ఉంటుంది. నడిపినంతసేపూ కరెంటు ప్రవహించి, సెల్ రెసిస్టెన్స్ వల్ల వేడి పుట్టింది. కరెంటు రెట్టింపైతే ఈ వేడి నాలుగింతలవుతుంది. బరువుతో, ఫుల్ స్పీడులో నడిపినప్పుడు ప్యాక్ అంతలా కాలేది అందుకే. దాని మీద వెంటనే ఛార్జింగ్ పెడితే వేడి దిగే సందే ఉండదు. నీడలో, గాలి ఆడే చోట అరగంట ఆపి పెట్టండి. అంత టైమ్ లేకపోతే తిండి తినే వ్యవధైనా ఇవ్వండి. ప్యాక్ ఊడదీసేదైతే తీసి నీడలో నేల మీద పెట్టండి. నీళ్లు మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ పోయకండి, తడిగుడ్డ కూడా కప్పకండి.

మధ్యాహ్నం నూరు శాతం దాకా ఆగక్కర్లేదు. తర్వాతి ట్రిప్పులకి 70, 80 సరిపోతే అక్కడే తీసేయండి. రాత్రి ఫుల్ చేసి పొద్దున దాకా అలా ఉంచే బదులు, టైమర్ ఉంటే బయల్దేరే వేళకి నిండేలా పెట్టుకోండి. నిండిన వెంటనే నడపడం మొదలైతే సెల్ నిండుగా, వేడిగా గడిపే గంటలు బాగా తగ్గుతాయి. కొన్ని ఎల్‌ఎఫ్‌పీ బండ్లకి శాతం లెక్క సరిగ్గా ఉండాలంటే అప్పుడప్పుడు నూరు దాకా ఛార్జ్ చేయమని కంపెనీ చెబుతుంది. అలా రాసి ఉంటే చల్లటి పూట చేయండి. వేడిగా ఉన్నప్పుడు ఛార్జింగ్ నెమ్మదించినా, ఆగిపోయినా చిరాకు పడకండి. అది బీఎంఎస్, అంటే ప్యాక్‌ని అదుపులో ఉంచే సర్క్యూట్ చేసే పని, సెల్స్‌ని కాపాడటానికే. దాన్ని తప్పించి నేరుగా ఛార్జ్ చేసిపెడతామనే మెకానిక్ దగ్గరికి మాత్రం వెళ్లొద్దు.

రేంజ్ ఇప్పటికే తగ్గిందన్నారు. వారంటీలో కెపాసిటీకి హామీ ఉందేమో చదవండి. చాలామంది కాగితం చూడకుండానే గడువు దాటించేస్తారు. ఫుల్ ఛార్జ్‌తో ఎంత దూరం వస్తోందో తేదీలతో రాసి పెట్టుకుంటే అడగడానికి ఆధారం ఉంటుంది.

ప్రశ్న: అమ్మా, నేను రిటైరైన టీచర్ని. నా ల్యాప్‌టాప్ ఎప్పుడూ ఛార్జర్‌కే తగిలించి ఉంటుంది, కింది భాగం వెచ్చగా ఉంటుంది. రోజూ తీసి పెట్టమంటారా? (ఒక పాఠకుడు)

జవాబు: నమస్కారం మాస్టారూ. రోజూ తీసి పెట్టే శ్రమ అక్కర్లేదు. సెట్టింగ్స్‌లో ఛార్జింగ్‌ని 80 శాతం దగ్గర ఆపే ఏర్పాటు చాలా ల్యాప్‌టాప్‌లలో ఉంటుంది. అది పెట్టేసి ఛార్జర్‌కే ఉంచండి. నిండు ఛార్జ్, వెచ్చదనం రెండూ నెలల తరబడి కలిసి ఉండటమే దీనికి హాని. మొదటిదాన్ని తీసేస్తే చాలావరకు తీరుతుంది. కింద గాలి ఆడేలా గట్టి బల్ల మీద పెట్టండి, ఫ్యాన్ రంధ్రాల్లో దుమ్ము ఉంటే తీయించండి.

ప్రశ్న: వేడి అంత చెడ్డదైతే ఫోన్‌ని ఫ్రిజ్‌లో పెడితే సరిపోదా? ఛార్జ్ చేసేటప్పుడు వేడెక్కితే కాసేపు ఫ్రీజర్‌లో పెడతామని మా ఫ్రెండ్స్ అంటున్నారు. (ఇద్దరు అక్కాచెల్లెళ్లు)

జవాబు: వద్దు. ఫ్రిజ్‌లోంచి తీయగానే గాలిలోని తేమ ఫోన్ లోపల నీళ్లుగా పేరుకుంటుంది. బ్యాటరీ సంగతి అటుంచి, సర్క్యూట్ పోతుంది. వేడి ఫోన్‌ని ఫ్యాన్ కింద పెట్టి ఛార్జర్ తీసేస్తే అదే చల్లారుతుంది.

చలిలో ఛార్జింగ్‌కి ఇంకో పెద్ద సమస్య ఉంది. సెల్ చల్లగా ఉన్నప్పుడు లిథియం గ్రాఫైట్‌లోకి త్వరగా దూరలేదు. మనం బలవంతంగా కరెంటు తోస్తే, లోపలికి వెళ్లాల్సింది పైనే లోహంగా పేరుకుంటుంది. దీన్ని ప్లేటింగ్ అంటాం. సున్నా డిగ్రీల కింద ఛార్జ్ చేయొద్దని చెప్పేది ఇందుకే.

పాడైన సెల్స్‌ని విప్పి చూసినప్పుడు ఈ రెండు రకాల నష్టాలు చాలావరకు కంటికే తెలుస్తాయి. ఆర్గాన్ వాయువు నింపిన గ్లవ్ బాక్స్‌లో సెల్‌ని కోసి, చుట్ట విప్పి పరుస్తాం. పూర్తిగా ఛార్జ్ అయిన మంచి గ్రాఫైట్ నిగనిగలాడే బంగారు రంగులో ఉంటుంది. సగం ఛార్జ్‌లో ఎర్రటి రాగి ఛాయ, ఇంకా తగ్గితే ముదురు నీలం, ఖాళీ అయితే నలుపు. చలిలో వేగంగా ఛార్జ్ చేసిన సెల్‌లో ఆ రంగు మీద బూడిద రంగు వెండి మచ్చలు కనిపిస్తాయి. అదే లోహపు లిథియం. వేడిలో ముసలైన సెల్‌లో ఆ మచ్చలుండవు. ద్రవం ఇంకిపోయి ఆరిపోయిన చోట్లు ఉంటాయి, ఫుల్ ఛార్జ్ చేసి విప్పినా బంగారు రంగు రేకంతా పరుచుకోదు, మధ్యమధ్య నల్లగా మిగిలిపోతుంది. మొదటిసారి చూసినవాళ్లెవరూ ఆ రేకుని మర్చిపోలేరు. లిథియం ఉండాల్సిన చోట లేకపోవడం అంటే ఏమిటో అక్కడ కనిపిస్తుంది.

మైనస్ 20 నుంచి 70 డిగ్రీల దాకా రకరకాల ఉష్ణోగ్రతల్లో సెల్స్‌ని నడిపి, తర్వాత విప్పి చూసిన ఒక అధ్యయనం 2014లో వచ్చింది. అందులో సెల్స్ అన్నిటికంటే నెమ్మదిగా ముసలైనది 25 డిగ్రీల దగ్గర. కిందికి పోతే ప్లేటింగ్, పైకి పోతే పొర పెరగడం. సెల్ రకాన్నీ ఛార్జింగ్ వేగాన్నీ బట్టి ఆ 25 అటూ ఇటూ జరుగుతుంది.

వేడిని మంచికి వాడుకున్న పరిశోధన కూడా ఉంది. అమెరికాలోని పెన్సిల్వేనియా స్టేట్ యూనివర్సిటీ బృందం 2019లో సెల్‌ని 60 డిగ్రీలకి వేడిచేసి 10 నిమిషాల్లో ఛార్జ్ చేసి, వెంటనే చల్లబరిచే పద్ధతి చూపించింది. వేడి వల్ల ప్లేటింగ్ జరగదు, 60 డిగ్రీల్లో గడిపేది నిమిషాలే కాబట్టి పొరకి పెరిగే వ్యవధి ఉండదు. కొన్ని ఎలక్ట్రిక్ కార్లు ఫాస్ట్ ఛార్జింగ్‌కి ముందు బ్యాటరీని తామే వెచ్చబరుచుకునేది కూడా ఈ లెక్క మీదే. ఎంత వేడి అన్నదానితో పాటు ఎంతసేపు అన్నది కూడా చూడాలి.

ప్రశ్న: ఎండలో ఆపిన కారులో, డ్యాష్‌బోర్డు మీద పవర్ బ్యాంక్ మర్చిపోయాను. ఇప్పుడు ఉబ్బింది, కానీ పనిచేస్తోంది. వాడుకోవచ్చా? (ఒక పాఠకుడు)

జవాబు: వాడకండి. ఇక ఛార్జ్ కూడా చేయకండి. లోపల ద్రవం విరిగి గ్యాస్ పుట్టింది, ఉబ్బు అదే. నొక్కవద్దు, పిన్నుతో పొడిచి గాలి తీయవద్దు. మంట అంటుకునే వస్తువులకి దూరంగా, పిల్లలకి అందకుండా, లోహం కాని గట్టి నేల మీద పెట్టి, ఈ-వేస్ట్ తీసుకునేవాళ్లకి వీలైనంత త్వరగా అప్పగించండి. మామూలు చెత్తబుట్టలో వేయకండి. చెత్త నలిపే యంత్రాల్లో పడితే మంటలు లేస్తాయి. తియ్యటి రసాయనపు వాసన వస్తుంటే ద్రవం కారుతోందని అర్థం, చేత్తో తాకకండి.

డ్యాష్‌బోర్డు ఎంత వేడెక్కుతుందో చాలామంది ఊహించలేరు. అరిజోనాలో వేసవి రోజుల్లో కార్లని గంటసేపు ఎండలో ఉంచి కొలిచిన అధ్యయనం 2018లో వచ్చింది. లోపలి గాలి సగటున 47 డిగ్రీలు, డ్యాష్‌బోర్డు మాత్రం 69. ఈ వేడికే మంచి సెల్ తగలబడిపోదు. కానీ గ్రాఫైట్ మీది పొర సుమారు 80, 90 డిగ్రీల నుంచి విచ్ఛిన్నం కావడం మొదలవుతుంది, ఆ చర్య తనంతట తానే వేడి పుట్టిస్తుంది. సుమారు 130 దగ్గర మధ్యలోని పాలిథిలిన్ పొర కరుగుతుంది. తయారీలో లోపం ఉన్న సెల్‌కి, కిందపడి నలిగిన సెల్‌కి ఆ మెట్లు ఎక్కడానికి ఎంతో సేపు పట్టదు. సీటు కిందైనా సరే, ఎండలో ఆపిన కారులో పవర్ బ్యాంక్ వదలకండి.

ప్రశ్న: నా ఫోన్ బ్యాటరీ హెల్త్ చాలాకాలం మెల్లమెల్లగా తగ్గి, ఈమధ్య ఒక్కసారిగా కూలిపోయింది. పోయిన కెపాసిటీని వెనక్కి తెచ్చే మార్గం ఏమైనా ఉందా? కొత్త బ్యాటరీ వేయిస్తే మొదట ఎనిమిది గంటలు ఛార్జ్ చేయాలా? (ఒక పాఠకురాలు)

జవాబు: ఒక్కసారిగా కూలడం మేమూ గ్రాఫుల్లో చూస్తుంటాం. నిదానంగా వాలుతున్న గీత ఒకచోట మోకాలిలా వంగి జారిపోతుంది. పొర మందమై గ్రాఫైట్‌లోని సందులు మూసుకుపోవడం, ద్రవం తరిగిపోవడం, దాంతో మామూలు ఉష్ణోగ్రతలో కూడా ప్లేటింగ్ మొదలవడం దీనికి ముఖ్య కారణాలు. ఒకదాన్నొకటి ఎగదోస్తాయి. చాలా పరికరాలకి 80 శాతాన్ని హద్దుగా పెట్టేది ఇలాంటి దశకి ముందే మార్పించాలనే.

ఇరుక్కున్న లిథియాన్ని వెనక్కి తెచ్చే యాప్ ఏదీ లేదు. పూర్తిగా దించి, పూర్తిగా ఎక్కించడం వల్ల శాతం చూపించే మీటర్ సరిపడొచ్చు, అంతే. సెల్ మారదు. ఎనిమిది గంటల సలహా నికెల్ బ్యాటరీల కాలం నాటిది. కొత్త లిథియం అయాన్ బ్యాటరీ పొర ఫ్యాక్టరీలోనే తయారై వస్తుంది, మీరు ప్రత్యేకంగా చేయాల్సింది ఏమీ లేదు.

మార్పించేటప్పుడు మాత్రం సెల్ తయారైన తేదీ చూడండి. గోదాములో ఏళ్ల తరబడి వేడిలో పడి ఉన్న 'కొత్త' బ్యాటరీ, మొదటి ఉత్తరంలోని ఫోన్‌లాగే అప్పటికే కొంత వయసు మీదపడి ఉంటుంది. తేదీ చెప్పలేని చోట కొనకండి. వేయించిన మర్నాడు హెల్త్ శాతం స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. రెండు మూడు నెలల్లోనే అది బాగా పడిపోతే బిల్లుతో వెళ్లి మార్చమని అడగొచ్చు.